తెలంగాణ చేనేత రూపకర్తలు, స్పెయిన్ ఫ్యాషన్ డిజైనర్లు: వస్త్రంపై కర్తృత్వ చరిత్ర - రఘునాథపల్లి పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వస్త్రానికి రూపమిచ్చిన వ్యక్తి పేరు చరిత్రలో ఏ పరిస్థితుల్లో నమోదవుతుంది, ఏ పరిస్థితుల్లో మరుగున పడుతుంది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూర్వపు వరంగల్ జిల్లాలోని రఘునాథపల్లి, దాని చుట్టూ ఉన్న చేనేత కేంద్రాలు ఈ పరిశీలనకు క్షేత్రం. గజం గోవర్ధన, గజం అంజయ్య, చింతకింది మల్లేశం తదితరులు గుర్తింపు పొందిన మార్గాలను, ఇరవయ్యో శతాబ్దపు స్పెయిన్ ఫ్యాషన్ డిజైనర్లు బాలెన్సియాగా, ఫోర్తునీ, రబాన్‌ల జీవితాలతో పోల్చి చూడటం ఇందులో అనుసరించిన పద్ధతి. రెండు చోట్లా ఒక్క పేరు వెనుక కుటుంబ స్త్రీల చేతిపని ఉన్నదనీ, ఆ పనిని పత్రాలకు ఎక్కించే వ్యవస్థ మాత్రం ఎక్కడా పూర్తిగా ఏర్పడలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చేనేత, చిటికి, ఆసు, తేలియా రుమాలు, రూపకల్పన, కర్తృత్వం, భౌగోళిక గుర్తింపు, రఘునాథపల్లి, బాలెన్సియాగా, ఫోర్తునీ.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య చరిత్రలో కర్తృత్వ చర్చ పాతదే. ఒక కావ్యం ఎవరిది, ఎంత భాగం ఎవరిది అన్న వివాదాలపై తెలుగులో విస్తృతమైన పరిశోధన జరిగింది. వస్త్రం విషయంలో అటువంటి ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. చీరను గద్వాల చీర అనో, పోచంపల్లి చీర అనో ఊరి పేరుతో పిలవడమే అలవాటు. ఆ చీర అంచు మీది నమూనాను మొదట ఎవరు ఊహించారు, దారానికి ఎవరు కట్లు వేశారు, రంగు ఎవరు అద్దారు అన్న వివరాలు కొన్నవారికీ తెలియవు, అమ్మినవారికీ చాలాసార్లు తెలియవు.

ఐరోపాలో పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి దుస్తుల మీద రూపకర్త పేరు కుట్టే సంప్రదాయం బలపడింది. పారిస్ కేంద్రంగా ఎదిగిన ఈ సంప్రదాయంలో స్పెయిన్ నుంచి వచ్చినవారు ప్రత్యేక స్థానం సంపాదించారు. వారిలో పలువురు చేతిపని మీద బతికే కుటుంబాల నుంచి, రాజధానికి దూరంగా ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవారు. తెలంగాణ చేనేత రూపకర్తల నేపథ్యం కూడా ఇటువంటిదే. అందువల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి తగిన ఆధారం ఉంది. విజయగాథలను ఏకరువు పెట్టడం ఈ వ్యాస లక్ష్యం కాదు. విజయం ఎవరి పేరున నమోదయింది, ఎవరి శ్రమ ఆ నమోదుకు వెలుపల మిగిలింది అన్నదే ఇక్కడ ప్రధానాంశం.

2. పరిశీలన పరిధి: రఘునాథపల్లి పరిసరాలు:

రఘునాథపల్లి మండల కేంద్రం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ప్రస్తుతం జనగామ జిల్లాలో ఉన్నది. సికింద్రాబాదు-కాజీపేట రైలుమార్గంలో జనగామ దాటిన తర్వాత, ఘనపూర్‌కు ముందు ఈ ఊరు వస్తుంది. హైదరాబాదు-వరంగల్ రహదారి కూడా ఈ మీదుగానే సాగుతుంది.

ఈ మార్గాన్ని పటం మీద చూస్తే ఒక విశేషం కనబడుతుంది. హైదరాబాదు వైపు నుంచి వస్తే మొదట భువనగిరి, దానికి దక్షిణాన భూదాన్ పోచంపల్లి, మరింత దక్షిణాన సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక ఉన్నాయి. తర్వాత ఆలేరు, ఆ మండలంలో చింతకింది మల్లేశం స్వగ్రామమైన శారాజీపేట వస్తాయి. జనగామ పక్కనే లోహపు రేకు పనికి పేరుపొందిన పెంబర్తి ఉన్నది. జనగామకు ఉత్తరంగా నకాషీ చిత్రకళకు నిలయమైన చేర్యాల, మార్గం చివర తివాచీలకూ జంపఖానాలకూ ప్రసిద్ధమైన వరంగల్ ఉన్నాయి. రఘునాథపల్లి ఈ చేతివృత్తుల మార్గంలో వరంగల్ వైపు భాగంలో నిలుస్తుంది. కాబట్టి దాని పరిసరాల వస్త్ర చరిత్రను ఒకే ఊరి చరిత్రగా గాక, ఈ మార్గమంతటి చరిత్రగా చూడటం సముచితం.

3. ఊరి పేరు, కులపురాణం: పూర్వ చరిత్రలో రూపకర్త:

కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవు నుంచి సాగిన వస్త్ర వ్యాపారం గురించి మార్కోపోలో ప్రశంసాపూర్వకంగా రాశాడు. ఆ సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చాడు. అదే రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం వర్తకులకు రక్షణ కల్పించింది, సుంకాలను నిర్ణయించింది. యాత్రికుడు బట్టను మెచ్చాడు, పాలకుడు వర్తకునికి అభయమిచ్చాడు. ఆ బట్టను నేసిన వ్యక్తి మాత్రం ఈ రెంటిలోనూ పేరుతో కనిపించడు.

పద్దెనిమిదో శతాబ్ది ఆరంభంలోని ఒక ఘటన రఘునాథపల్లి ప్రాంతాన్ని నేరుగా ఈ చరిత్రతో కలుపుతుంది. నేటి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న కోటకు ప్రసిద్ధి. కల్లుగీత కుటుంబం నుంచి వచ్చి మొగలు అధికారాన్ని ఎదిరించిన పాపన్న 1708లో వరంగల్ నగరంపై దాడి చేశాడు. ఖాఫీఖాన్ పారశీక చరిత్ర ఆధారంగా జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు, ఆ తర్వాత రిచర్డ్ ఈటన్ ఈ ఘటనను చర్చించారు. ఆ దాడిలో నగదుతోపాటు విలువైన వస్త్రాలు, తివాచీలు కూడా దోపిడీకి గురయ్యాయి. దోచుకోదగిన సంపదలో తివాచీ ఒకటి కావడం, అప్పటికి వరంగల్ నేతపని పొందిన విలువకు నిదర్శనం. పాపన్న పేరు చరిత్రలోనూ జానపదుల నోళ్లలోనూ నిలిచింది. ఆ తివాచీలకు ముడులు వేసినవారి పేర్లు మిగలలేదు.

1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు చేసుకున్నాయి. ముడుల సాంద్రత, పనితనం కారణంగా అవి ఐరోపా కళావిమర్శకుల దృష్టిని ఆకర్షించాయి. అక్కడా వాటి పరిచయం నిజాం రాజ్యపు వస్తువులుగానే జరిగింది.

దీనికి సమాంతరంగా సమాజం లోపల మరొక రకమైన కర్తృత్వ భావన ఉన్నది. పద్మశాలీల కులపురాణం ప్రకారం మార్కండేయ సంతతికి చెందిన భావనారుషి తామరనూలుతో దేవతలకు వస్త్రం నేశాడు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పటాన్ని ఆధారం చేసుకొని కూనపులివారు ఈ కథను పద్మశాలీల ముందు గానం చేస్తారు. ఇక్కడ నేతకు కర్త ఉన్నాడు. ఆయన కులమంతటికీ మూలపురుషుడు. అందరి పనికీ ఆయన పేరు వర్తిస్తుంది గనుక ఏ ఒక్కరి పేరూ విడిగా నిలవవలసిన అవసరం ఏర్పడలేదు. వ్యాపారి దృష్టిలో ఊరి పేరు, కులం దృష్టిలో రుషి పేరు. ఈ రెండింటి మధ్య జీవించిన రూపకర్తకు ఆధునిక అర్థంలో వ్యక్తిగత సంతకం లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

4. స్పెయిన్ రూపకర్తలు: ఒక్క పేరు వెనుక ఉన్న చేతులు:

4.1. క్రిస్తోబల్ బాలెన్సియాగా (1895-1972):

స్పెయిన్ ఉత్తర తీరంలోని బాస్క్ ప్రాంతంలో గెతారియా అనే మత్స్యకారుల ఊరిలో బాలెన్సియాగా జన్మించాడు. తల్లి మార్తినా ఎయిసాగిర్రె కుట్టుపని చేసేది. బాలుడు ఆమె దగ్గరే సూది పట్టడం నేర్చుకున్నాడు. ఆమె దుస్తులు కుట్టిపెట్టే సంపన్న కుటుంబాల్లో కాసా తోర్రెస్ మార్క్వెసా కుటుంబం ఒకటి. ఆ ప్రభుస్త్రీ ఆదరణ అతనికి తొలి ఆసరా అయింది. 1917లో సాన్ సెబాస్టియన్ నగరంలో సొంత దుకాణం తెరిచాడు. 1936లో అంతర్యుద్ధం మొదలైంది. 1937లో పారిస్‌లో తన సంస్థను ప్రారంభించి 1968 వరకు నడిపాడు.

అతని రూపకల్పనలో స్పెయిన్ చిత్రకళ, మతాచార్యుల వస్త్రాలు, ఎద్దుల పోటీ వీరుల కురచ అంగీలు ఆధారాలుగా కనిపిస్తాయి. స్థానిక సంప్రదాయాన్ని యథాతథంగా ప్రదర్శనకు పెట్టక, దాని నిర్మాణ సూత్రాన్ని గ్రహించి కొత్త దుస్తులకు అన్వయించాడు. బట్టను నేయించే దశ నుంచే అతని ఆలోచన మొదలయ్యేది. బిగువుగా నిలిచే గజార్ అనే పట్టుబట్టను స్విట్జర్లాండుకు చెందిన అబ్రహాం సంస్థ 1958లో అతనితో కలిసి రూపొందించింది.

ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. స్పెయిన్‌లోని తన దుకాణాలను బాలెన్సియాగా ఎయిసా అనే పేరుతో నడిపాడు. అది తల్లి ఇంటిపేరు నుంచి తీసుకున్న పేరు. పారిస్‌లో కొడుకు పేరు, స్వదేశంలో తల్లి పేరు నిలిచాయి.

4.2. మారియానో ఫోర్తునీ (1871-1949), హెన్రియెట్ నిగ్రాన్ (1877-1965):

గ్రనాడాలో పుట్టి వెనిస్‌లో స్థిరపడిన ఫోర్తునీ చిత్రకారుని కుమారుడు. పాత వస్త్రాల సేకరణ ఆ కుటుంబ వారసత్వం. చిత్రకళ, రంగస్థల దీపకాంతి, అద్దకం మొదలైన అనేక రంగాల్లో ప్రయోగాలు చేశాడు. సన్నని మడతలు పెట్టిన పట్టు దుస్తు డెల్ఫోస్ 1907 ప్రాంతంలో రూపొందింది. అతనికి అత్యధిక కీర్తి తెచ్చినది అదే. ప్రూస్త్ తన నవలలో సైతం ఫోర్తునీ వస్త్రాలకు చోటిచ్చాడు.

1909లో ఆ దుస్తుకు సంబంధించిన పేటెంటును ఫోర్తునీ తన పేరున పొందాడు. ఆ పత్రం ప్రతి అంచున అతడే స్వహస్తాలతో ఒక గమనిక రాశాడు. దీని అసలు ఆవిష్కర్త హెన్రియెట్ అనీ, తొందరలో తన పేరున నమోదు చేయించాననీ ఆ గమనిక సారాంశం. హెన్రియెట్ అతని జీవన సహచరి, కార్యశాల నిర్వహణలో ప్రధాన పాత్ర వహించిన వ్యక్తి. భర్త మరణానంతరం వెనిస్‌లోని తమ భవనాన్ని ఆమె ఆ నగరానికి అప్పగించింది. నేడు అది ఫోర్తునీ పేరు మీద ప్రదర్శనశాలగా ఉన్నది. చట్టం గుర్తించే పత్రం ఒక పేరు చెప్పింది. సత్యం పత్రం అంచున మిగిలింది.

4.3. పాకో రబాన్ (1934-2023):

బాస్క్ ప్రాంతంలోని పసాయియాలో జన్మించిన రబాన్ అసలు పేరు ఫ్రాన్సిస్కో రబానెదా. అతని తల్లి బాలెన్సియాగా సంస్థలో ప్రధాన కుట్టుపనిదారు. అంతర్యుద్ధంలో తండ్రిని ఫ్రాంకో సేనలు చంపాయి. కుటుంబం ఫ్రాన్స్‌కు తరలిపోయింది. పారిస్‌లో వాస్తుశిల్పం చదివిన రబాన్ 1966లో ప్లాస్టిక్, లోహపు బిళ్లలను కడియాలతో కలిపి చేసిన 12 దుస్తులను ప్రదర్శించి సంచలనం సృష్టించాడు. సూదీ దారమూ లేని దుస్తులతో పేరు తెచ్చుకున్న ఈ రూపకర్త, సూదితో జీవించిన తల్లి కొడుకు.

ముగ్గురి జీవితాల్లోనూ మూడు సమానాంశాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, ఇంట్లోనే లభించిన వస్త్రజ్ఞానం. రెండవది, స్వస్థలం వదిలి వేరొక నగరంలో స్థిరపడటం. మూడవది, సంస్థ పేరు వ్యక్తి పేరు ఒకటి కావడం. ఈ మూడవ అంశమే పేరును ఆస్తిగా మార్చింది. వ్యక్తి మరణించిన తర్వాత కూడా బాలెన్సియాగా, రబాన్ అన్న పేర్లు వ్యాపార చిహ్నాలుగా చెలామణి అవుతున్నాయి.

5. చిటికి పనిలో రూపకల్పన జరిగే చోటు:

తెలంగాణ రూపకర్తల స్థితిని అర్థం చేసుకోవాలంటే చిటికి పని క్రమాన్ని గమనించాలి. నేసిన బట్టపై అద్దకం వేసే పద్ధతికి ఇది భిన్నం. ఇక్కడ నేతకు ముందే దారంపై నమూనా సిద్ధమవుతుంది. మొదట నమూనాను గళ్ల కాగితంపై గీస్తారు. దారాన్ని ఆసుపై లెక్క ప్రకారం పోస్తారు. పోసిన పోగుల కట్టలపై గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కడతారు. ఈ కట్లకు సైకిలు ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు వాడటం సాధారణం. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మరో రంగుకు మళ్లీ కట్లు వేస్తారు. రంగుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పని పునరావృతమవుతుంది. చివరికి పోగులను మగ్గానికి ఎక్కించి, నేసేటప్పుడు గుర్తులు ఒకదానితో ఒకటి కలిసేలా సరిచూస్తారు. పడుగు, పేక రెండింటికీ కట్లు వేసిన జంట చిటికిలో ఒక్క పోగు జరిగినా నమూనా చెదురుతుంది.

ఈ క్రమంలో రూపకల్పన ఏ దశలో జరిగిందన్న ప్రశ్నకు ఏక సమాధానం లేదు. కాగితంపై గీత ఒక ఊహ మాత్రమే. ఆ ఊహను పోగుల లెక్కగా మార్చేది ఆసు. ఆసు లెక్క తప్పితే నమూనా పుట్టదు. ఈ ఆసు పని సంప్రదాయంగా ఇంటి స్త్రీలది. కండెలు చుట్టడం, గంజి పెట్టడం, కట్లు విప్పడం వంటి పనుల్లోనూ వారి భాగం ఎక్కువ. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికులను గుర్తించింది. వారిలో మూడింట రెండు వంతుల కన్న ఎక్కువమంది స్త్రీలు. అయినప్పటికీ నేతకారుడు అన్న పదం వినగానే మగ్గం మీద కూర్చున్న పురుషుడే మనసులో మెదులుతాడు. మిగిలిన పనిని అనుబంధ పని అని పిలవడంలోనే ఒక అంతరం ఇమిడి ఉంది. చిటికి విషయంలో ఆ అనుబంధ పని లేకుండా నమూనాయే లేదు.

6. తెలంగాణ రూపకర్తల మార్గాలు:

6.1. ప్రభుత్వ సంస్థ, పురస్కారం:

చీరాల ప్రాంతంలో తయారైన తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చతురస్ర వస్త్రం. నూలును నూనెతోనూ, బూడిదతోనూ శుద్ధిచేసే పద్ధతి వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు అది ఎగుమతి అయ్యేది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ విద్య నల్లగొండ ప్రాంతపు ఊళ్లకు చేరింది. పోచంపల్లి, పుట్టపాక, వాటి చుట్టుపక్కల గ్రామాలు చిటికి కేంద్రాలుగా ఎదిగాయి. రుమాలు నుంచి చీరకు, నూలు నుంచి పట్టుకు సాగిన మార్పు స్వాతంత్ర్యానంతర దశాబ్దాలది.

ఈ మార్పులో ప్రభుత్వ సంస్థల పాత్ర గణనీయం. పుపుల్ జయకర్ చొరవతో 1956 నుంచి వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఏర్పడ్డాయి. చిత్రకారులను, నేతకారులను, అద్దకం నిపుణులను ఒకే చోట కూర్చిన ప్రయోగం అది. కె.జి. సుబ్రమణ్యన్ వంటి ఆధునిక చిత్రకారులు సైతం చేనేత బోర్డు రూపకల్పన విభాగంలో పనిచేశారు. 1980లలో మార్తాండ్ సింగ్ రూపొందించిన విశ్వకర్మ ప్రదర్శనలు దేశంలోని నేత నైపుణ్యాలను విదేశీ ప్రేక్షకుల ముందుంచాయి.

పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన ఈ వాతావరణంలో ఎదిగిన రూపకర్త. వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో పనిచేసిన అనుభవంతో తేలియా రుమాలు పద్ధతినీ సహజ రంగులనూ కొత్త నమూనాలకు మళ్లించారు. 2011లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అదే గ్రామానికి చెందిన గజం అంజయ్య జంట చిటికిలో చేసిన కృషికి 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఒకే ఊరి ఇద్దరు నేతకారులకు రెండేళ్ల తేడాతో ఈ గౌరవం దక్కడం విశేషం.

బాలెన్సియాగాకు మార్క్వెసా ఆదరణ ఎటువంటిదో, వీరికి ప్రభుత్వ సంస్థ అటువంటిది. అయితే ఫలితంలో తేడా ఉంది. అక్కడ ఆదరణ వ్యక్తి పేరుతో సంస్థగా మారింది. ఇక్కడ అది పురస్కారంగా, సన్మానపత్రంగా నిలిచింది. పురస్కారం వ్యక్తికి గౌరవం ఇస్తుంది. అతని నమూనాను మరొకరు మిల్లు బట్టపై అచ్చువేసినప్పుడు ఆ పత్రం అడ్డుకోలేదు.

6.2. యంత్రం, పేటెంటు:

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మానేసి నేతపనిలో చేరారు. ఒక చీరకు ఆసు పోయడానికి ఆయన తల్లి లక్ష్మి వేలసార్లు చేయి ముందుకూ వెనుకకూ తిప్పవలసి వచ్చేది. చీరకు సుమారు 9,000 సార్లు, నాలుగైదు గంటలపాటు సాగే ఈ కదలిక వల్ల భుజం, మోచేయి నొప్పులు ఆ పని చేసే స్త్రీలకు సర్వసాధారణం. ఆ బాధను చూసి 1992లో మొదలుపెట్టిన ప్రయత్నం 1999లో పనిచేసే యంత్రంగా రూపొందింది. దానితో ఒక చీర ఆసు సుమారు గంటన్నరలో పూర్తవుతుంది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరున లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. తదనంతరం పేటెంటు, 2017లో పద్మశ్రీ లభించాయి. 2019లో ఆయన జీవితం ఆధారంగా మల్లేశం అనే తెలుగు చలనచిత్రం వచ్చింది.

ఈ ఆవిష్కరణను సాధారణంగా శ్రమ తగ్గించిన యంత్రంగా వర్ణిస్తారు. కర్తృత్వ చరిత్రలో దాని ప్రాధాన్యం మరొకటి. చిటికి నమూనాకు మూలాధారమైన ఆసు పని అంతవరకు ఏ పత్రంలోనూ విడిగా నమోదు కాలేదు. దాన్ని యంత్రంగా మార్చవలసి వచ్చినప్పుడు ప్రతి కదలికనూ లెక్కపెట్టవలసి వచ్చింది. స్త్రీల చేతిలో ఉన్న గణితం అప్పుడు బయటపడింది. ఫోర్తునీ పేటెంటు అంచున హెన్రియెట్ పేరు మిగిలింది. ఎయిసా దుకాణంపై మార్తినా ఇంటిపేరు మిగిలింది. ఆసు యంత్రంపై లక్ష్మి పేరు నిలిచింది. మూడు ఉదంతాల్లోనూ స్త్రీ పేరును నిలిపింది చట్టం కాదు, కొడుకో సహచరుడో తన ఇష్టంతో చేసిన పని.

ఈ గుర్తింపుకు మరో పార్శ్వం ఉంది. యంత్రం రాకతో ఆసు పని నొప్పి తగ్గింది, వేగం పెరిగింది. ఒక యంత్రంతో రోజుకు అనేక చీరల ఆసు పోయడం సాధ్యమైంది. దానివల్ల మిగిలిన సమయం ఆ ఇంటి స్త్రీలకు విశ్రాంతిగా మారిందా, మరో పనిగా మారిందా, ఆదాయంగా మారిందా అన్నది ఊరూరా ఇంటింటా పరిశోధించవలసిన అంశం.

6.3. నగరం, కార్యశాల, వేదిక:

మూడవ మార్గం హైదరాబాదు నగరానిది. సురయ్యా హసన్ బోస్ (1928-2021) హిమ్రూ, మష్రూ వంటి దక్కను నేతలను పునరుద్ధరించిన వ్యక్తి. నగరంలోని తన కార్యశాలలో వితంతు స్త్రీలకు మగ్గం పని నేర్పి, వారిచేతనే ఆ వస్త్రాలు నేయించారు. సంప్రదాయంగా పురుషుల స్థానమైన మగ్గం వద్ద స్త్రీలు కూర్చున్నారు. ఆ వస్త్రాలు విదేశాల్లో ఆదరణ పొందాయి.

గౌరంగ్ షా హైదరాబాదు కేంద్రంగా జాందానీ నేతతో పేరు తెచ్చుకున్న డిజైనర్. మహానటి చిత్రానికి వస్త్రాలంకరణలో 2019లో ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారాన్ని ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి అందుకున్నారు. చలనచిత్ర పురస్కారంలో ముగ్గురి పేర్లు నమోదు కావడానికి నియమావళి అనుమతించింది. ఆ తెరపై కనిపించిన చీరలను నేసినవారి పేర్లకు అటువంటి పట్టిక లేదు. ఉమ్మడి పనిని ఉమ్మడిగా నమోదు చేయడం అసాధ్యం కాదని ఈ పురస్కారమే చూపిస్తున్నది.

7. భౌగోళిక గుర్తింపు: ఊరి పేరు చట్టమైన తీరు:

1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. తొలి నమోదుల్లో పోచంపల్లి ఇకత్ ఒకటి. పెంబర్తి లోహపు పని, వరంగల్ జంపఖానాలు, పుట్టపాక తేలియా రుమాలు కూడా క్రమంగా నమోదయ్యాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో, తేలియా రుమాలుకు 2020లో ఈ గుర్తింపు లభించింది. రఘునాథపల్లికి ఇరువైపులా ఉన్న కేంద్రాల్లో చాలా భాగం ఈ చట్టపు పరిధిలోకి వచ్చాయన్నమాట.

ఈ చట్టం స్వభావం గమనార్హం. ఇది పాత అలవాటునే, అనగా ఊరి పేరును, ఆస్తిగా మార్చింది. ఫ్రాన్స్‌లో వ్యక్తి పేరు పొందిన రక్షణను ఇక్కడ ప్రాంతం పేరు పొందింది. సమష్టి విద్యకు సమష్టి హక్కు అన్న భావన న్యాయమైనదే. శతాబ్దాలుగా చేతులు మారుతూ వచ్చిన నమూనాను ఒక్కరి ఆస్తిగా ప్రకటిస్తే మిగతావారికి అన్యాయం జరుగుతుంది.

అయితే రెండు సమస్యలు మిగిలి ఉన్నాయి. ఒకటి, కొత్త నమూనా సంగతి. నేతకారుడు నేడు సృష్టించిన నమూనా సంప్రదాయ గుర్తింపులో కలిసిపోతుంది. డిజైన్ల చట్టం 2000 కింద నమోదు చేయిస్తే గరిష్ఠంగా 15 ఏళ్ల రక్షణ లభిస్తుంది. సీజనుకో నమూనా మార్చే చిన్న నేతకారునికి ఆ ప్రక్రియ ఖర్చూ సమయమూ భారమే. రెండు, హక్కు సంఘాల పేరున ఉంటుంది. సంఘ సభ్యత్వం సాధారణంగా మగ్గం యజమానిని అనుసరిస్తుంది. ఆసు పోసే, కండెలు చుట్టే స్త్రీ ఆ సమష్టిలో పేరులేని సభ్యురాలిగానే మిగులుతుంది.

8. వలస: పేరు వెంట వెళ్లినవారు, పేరు వదిలి వెళ్లినవారు:

స్పెయిన్ రూపకర్తల జీవితాల్లో వలస నిర్ణాయకం. యుద్ధం తరిమినా వారు తమ విద్యను వెంట తీసుకువెళ్లారు. పారిస్‌లో ఆ విద్యకు విలువ కట్టే విపణి సిద్ధంగా ఉంది. తెలంగాణ నేతకారుల వలస దీనికి భిన్నమైన దిశలో సాగింది. షోలాపూర్, భివండి, సూరత్, ముంబై నగరాలకు వేలాది పద్మశాలీ కుటుంబాలు తరలిపోయాయి. అక్కడ వారికి లభించిన పని ప్రధానంగా మిల్లుల్లో, మరమగ్గాలపై కూలిపని. కొందరు యజమానులుగా ఎదిగినా, అధికసంఖ్యాకులకు చేతిలోని నమూనా జ్ఞానం అక్కరకు రాలేదు. వరంగల్‌లో 1934లో స్థాపించిన ఆజంజాహీ మిల్లు ఒక తరానికి ఉపాధి కల్పించి చివరకు మూతపడింది. మిల్లు గొట్టాన్ని గుర్తుపెట్టుకున్న నగర చరిత్ర, దానిలోకి చేరకముందు ఆ కార్మిక కుటుంబాలకు ఉన్న నేతవిద్యను తక్కువగా నమోదు చేసింది.

ఈ తేడాకు ప్రతిభ కారణం కాదు. రూపకల్పనకూ కూలికీ మధ్య గీత గీసిన విపణి కారణం. నమూనాకు వేరుగా వెల కట్టే చోట నేతకారుడు రూపకర్త అవుతాడు. గజం లెక్కన కూలి ఇచ్చే చోట అదే వ్యక్తి కార్మికుడిగా మిగులుతాడు. మాస్టర్ వీవరు నూలూ నమూనా ఇచ్చి నేయించుకునే పద్ధతిలో ఈ గీత గ్రామంలోనే మొదలవుతుంది. వలస దాన్ని మరింత లోతు చేసింది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలంగాణ వస్త్ర చరిత్రలో రూపకర్త పేరు లేకపోవడం ప్రతిభా లోపానికి సూచిక కాదు. వ్యాపారంలో ఊరి పేరు, సమాజంలో కులపురాణపు మూలపురుషుని పేరు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

2. స్పెయిన్ రూపకర్తల వ్యక్తిగత సంతకం కూడా సమష్టి శ్రమపైనే నిలిచింది. మార్తినా ఎయిసాగిర్రె, హెన్రియెట్ నిగ్రాన్, రబాన్ తల్లి ఇందుకు తార్కాణాలు. అక్కడి సంస్థాగత వ్యవస్థ పేరును ఆస్తిగా మార్చింది. ఆ ఆస్తిలో ఈ స్త్రీలకు చట్టబద్ధమైన భాగం సహజంగా రాలేదు.

3. పుట్టపాక, శారాజీపేట రూపకర్తలు మూడు మార్గాల్లో గుర్తింపు పొందారు. అవి ప్రభుత్వ సంస్థ, జాతీయ పురస్కారం, పేటెంటు. భౌగోళిక గుర్తింపు నాలుగవది, సమష్టిది. ఈ నాలుగింటిలో ఏదీ ఆసు, కండె, కట్టు పనులు చేసే స్త్రీని రూపకర్తగా పేర్కొనదు. లక్ష్మీ ఆసు యంత్రం పేరు అరుదైన మినహాయింపు.

4. నమోదు పద్ధతిలో చిన్న మార్పు పెద్ద ఫలితాన్నిస్తుంది. సహకార సంఘాల రికార్డుల్లో, ప్రదర్శనల పట్టికల్లో, పురస్కార దరఖాస్తుల్లో గీసినవారు, ఆసు పోసినవారు, కట్లు వేసినవారు, అద్దినవారు, నేసినవారు అని ఐదు పేర్లకు చోటు కల్పించవచ్చు. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు.

రఘునాథపల్లి, జనగామ, ఆలేరు ప్రాంతాల్లో ఆసు చేతితో పోసిన చివరి తరం స్త్రీలు నేడు వార్ధక్యంలో ఉన్నారు. వారికి లెక్క తెలుసు, నమూనాల పేర్లు తెలుసు, ఏ నమూనా ఎవరి ఇంటి నుంచి వచ్చిందో తెలుసు. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు, జానపద విజ్ఞాన శాఖలు కలిసి వారి మౌఖిక చరిత్రను సేకరించడం తక్షణ కర్తవ్యం. ఖాఫీఖాన్ తివాచీల దోపిడీని రాశాడు, తివాచీ నేసినవారిని అడిగే అవకాశం ఆయన తర్వాతివారికి లేకపోయింది. ఆసు పోసినవారిని అడిగే అవకాశం ఈ తరం పరిశోధకులకు ఇంకా ఉన్నది.